పిల్లలకు జ్వరం వచ్చిన రాత్రి ఇంట్లో ఏం చేయాలి?

(దృశ్యం: అర్ధరాత్రి. నిద్రపోతున్న రెండేళ్ళ బాబు నుదుటి మీద తల్లి చేయి వేసి చూస్తుంది.)

నమస్కారం. బిడ్డ ఒళ్ళు కాలిపోతుంటే కన్నవాళ్ళకు కాళ్ళూ చేతులూ ఆడవు. ఆ కంగారు తగ్గాలంటే జ్వరం ఎలా వస్తుందో ముందే తెలిసి ఉండాలి. ఒంట్లోకి వైరస్ గాని, బ్యాక్టీరియా గాని చేరినప్పుడు రక్షణ కణాలు కొన్ని రసాయనాలను విడుదల చేస్తాయి. వాటి ప్రభావంతో మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే హైపోథాలమస్ అనే భాగం శరీరం ఉండవలసిన వేడిని పెంచుతుంది. ఆ వేడిని అందుకోవడానికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, కండరాలు వణుకుతాయి. అందుకే పొట్ట, నుదురు నిప్పులా కాలుతున్నప్పుడే అరికాళ్ళు చల్లగా తగులుతాయి. అప్పుడు చలి పుట్టిందని రెండు మూడు దుప్పట్లు కప్పితే వేడి బయటికి పోయే దారి ఉండదు. వణుకు ఉన్నంతసేపు పలుచని దుప్పటి ఒకటి చాలు. తగ్గాక అదీ తీసేసి, వదులైన నూలు బట్టలు వేయండి.

(దృశ్యం: చంకలో డిజిటల్ థర్మామీటర్.)

చంకలో చెమట తుడిచి, థర్మామీటర్ కొన చర్మానికి ఆనేలా పెట్టి, బీప్ మోగేదాకా బిడ్డ చేయిని ఒంటికి అదిమి ఉంచాలి. చంకలో 99.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే జ్వరంగా లెక్కించి, ఆ అంకెను, చూసిన వేళను ఒక కాగితం మీద రాసుకోండి. అయితే అంకె కన్నా బిడ్డ వాలకం ముఖ్యం. 102 ఉన్నా బొమ్మలతో ఆడుతూ నీళ్ళు తాగుతున్న పిల్ల కన్నా, 100 డిగ్రీలే ఉండి సోలిపోయి, పిలిస్తే కళ్ళు తెరవని పిల్ల గురించి ఎక్కువ భయపడాలి.

(దృశ్యం: బల్ల మీద మూడు పారాసిటమాల్ సీసాలు. లేబుల్ మీది అంకెలు దగ్గరగా కనిపిస్తాయి.)

మందు గురించి నిదానంగా చెబుతాను, ఎందుకంటే పొరపాటుకు ఎక్కువ వీలున్నది ఇక్కడే. పారాసిటమాల్ మోతాదును వయసును బట్టి కాక బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున లెక్కగడతారు. మన మందుల షాపుల్లో ఒక సీసాలో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు, మరొక సీసాలో అంతే కొలతకు 250 ఉంటాయి; పసిపిల్లల చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటాయి. పది కిలోల బిడ్డకు మొదటి సీసా నుంచి 6 మిల్లీలీటర్లు, రెండో దాని నుంచి 3, చుక్కల మందయితే ఒకటిన్నర సరిపోతుంది. చుక్కల మందును సిరప్ అనుకుని 6 మిల్లీలీటర్లు పోస్తే బిడ్డ కడుపులోకి 600 మిల్లీగ్రాములు వెళతాయి. అంత మోతాదు పదే పదే పడితే కాలేయం దెబ్బతింటుంది. కాబట్టి ప్రతిసారీ లేబుల్ చదివి, వంటింటి చెంచాతో కాకుండా సీసాతో వచ్చిన కొలత మూతతో గాని సిరంజితో గాని పోయండి. మోతాదుకూ మోతాదుకూ ఆరు గంటల ఎడం పాటిస్తే రోజుకు నాలుగు దాటవు. జలుబు సిరప్‌లలో కూడా పారాసిటమాల్ ఉండవచ్చు గనుక రెండూ కలిపి ఇవ్వకండి. ఈ మందు బిడ్డ బాధను తగ్గిస్తుందే గాని రోగాన్ని నయం చేయదు. హాయిగా నిద్రపోతున్న బిడ్డను దీనికోసం లేపనక్కర లేదు.

పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. నిమెసులైడ్ అనే జ్వరం మందును పన్నెండేళ్ళ లోపు పిల్లలకు వాడకూడదని మన దేశంలో 2011లోనే నిషేధించారు. డెంగీ అనుమానం ఉంటే జ్వరానికి వాడే ఐబుప్రొఫెన్ కూడా ఇవ్వకూడదు. ఒళ్ళు తుడవాలనుకుంటే గోరువెచ్చని నీళ్ళే వాడండి. ఐసు నీళ్ళు, స్పిరిట్ పనికిరావు.

"లంఖణం పరమౌషధం" అన్న మాటను పసిపిల్లల విషయంలో పాటించకండి. తల్లిపాలు మానకుండా ఇవ్వాలి. పెద్ద పిల్లలకు జావ, ఇడ్లీ, పలుచని మజ్జిగ, ఏది సయిస్తే అది కొద్దికొద్దిగా పెట్టండి.

(దృశ్యం: తండ్రి బిడ్డను నేల మీద పక్కకు తిప్పి పడుకోబెడతాడు.)

ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో కొందరికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. చూడడానికి ప్రాణం పోయినంత భయం వేసినా, అవి చాలావరకు కొద్ది నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడండి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్ళు పోయడం చేయకండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ముందే ఆగినా, మొదటిసారి వచ్చినట్లయితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

మూడు నెలల లోపు పసికందుకు జ్వరం వస్తే ఇంట్లో మందు వేసి తెల్లవారేదాకా చూడకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఏ వయసు వారికైనా డొక్కలు ఎగరేస్తున్నా, మెడ బిగుసుకున్నా, నీళ్ళు కూడా కడుపులో నిలవకున్నా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకున్నా అంతే.

వానాకాలంలో మరో జాగ్రత్త అవసరం. డెంగీలో అసలు ప్రమాదం తరచుగా జ్వరం దిగాకే, మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య మొదలవుతుంది. ఒళ్ళు చల్లబడిందని ఊపిరి పీల్చుకునే ఆ రోజే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, విపరీతమైన నీరసం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకండి. జ్వరం తగ్గినా మరో రెండు రోజుల దాకా జ్వరం అంకెలు రాసుకున్న కాగితం పారేయకుండా, వేడికి బదులు బిడ్డ మూత్రం పోసిన వేళలు దాని మీద రాయండి.