ఖాళీ కార్ట్రిడ్జ్ ఇస్తే 2 డాలర్లు: స్టేపుల్స్, ఆఫీస్ డిపో రూల్స్ ఎందుకిలా బిగిశాయి?

నమస్తే అండి అందరికీ. ఈ వీడియో అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం, అందులోనూ ఇంట్లో ప్రింటర్ ఉన్నవాళ్ల కోసం. మన ఇళ్లల్లో ప్రింటర్‌కి పని తక్కువేం ఉండదు కదా, ఐ-20లు, ఐ-797 కాపీలు, ఓసీఐ అప్లికేషన్లు, పాస్‌పోర్ట్ రెన్యువల్ ఫారాలు, పిల్లల వర్క్‌షీట్లు, ఇలా ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. కార్ట్రిడ్జ్‌లో, అంటే ప్రింటర్‌లో పెట్టే ఇంక్ డబ్బాలో, ఇంక్ అయిపోద్ది, కొత్తది తెస్తాం, ఖాళీది డ్రాయర్‌లో పడేస్తాం లేదంటే చెత్తలో వేసేస్తాం. ఆ చెత్తలో వేసే అలవాటు మాత్రం దయచేసి మానేయండి, ఎందుకో వీడియోలోనే చెప్తా.

[స్క్రీన్ మీద: ఖాళీ కార్ట్రిడ్జ్, పక్కన 2 డాలర్లు]

స్టేపుల్స్, ఆఫీస్ డిపో లాంటి ఆఫీస్ సామాన్లు అమ్మే స్టోర్‌లో ఖాళీ కార్ట్రిడ్జ్ ఇస్తే 2 డాలర్లు వస్తాయని చాలామంది విని ఉంటారు. విన్నది నిజమే, కాకపోతే సగమే విన్నారు. మన ఊళ్లో పాత పేపర్లు కొనే అతను తూకం వేసి డబ్బులు చేతిలో పెట్టి వెళ్లిపోతాడు, నా దగ్గర ఏదైనా కొను అని అడగడు. ఇక్కడ అలా కాదు. వచ్చేది డబ్బు కాదు, రివార్డ్, అంటే మళ్లీ అదే స్టోర్‌లో ఖర్చు పెట్టాల్సిన క్రెడిట్. పైగా అది రావాలన్నా ముందు మీరు అక్కడ ఏదో ఒకటి కొని ఉండాలి. గత పదిహేను ఇరవై ఏళ్లలో ఈ ప్రోగ్రామ్‌లలో వచ్చిన మార్పంతా ఈ రెండో ముక్క చుట్టూనే తిరిగింది.

స్టేపుల్స్ సంగతి చూద్దాం. ఒకప్పుడు ఒక్కో కార్ట్రిడ్జ్‌కి 3 డాలర్లు ఇచ్చేవాళ్లు, తర్వాత అది 2 అయింది. ఆ తర్వాత చాలాకాలం నడిచిన రూల్ ఏంటంటే, నెలకి 20 కార్ట్రిడ్జ్‌ల దాకా ఇవ్వొచ్చు, కానీ అంతకుముందు 180 రోజుల్లో అదే స్టేపుల్స్‌లో కనీసం 30 డాలర్ల ఇంక్ గానీ టోనర్ (లేజర్ ప్రింటర్‌లో ఇంక్ బదులు వాడే పొడి) గానీ కొని ఉండాలి. పేపర్ కొన్నా, కుర్చీ కొన్నా లెక్కలోకి రాదు, ఇంక్ లేదా టోనరే అయ్యుండాలి. 2023లో స్టేపుల్స్ పాత రివార్డ్స్ ప్రోగ్రామ్ తీసేసి ఈజీ రివార్డ్స్ అని పాయింట్ల పద్ధతి తెచ్చింది, కాబట్టి ఇప్పుడు యాప్‌లో చూస్తే డాలర్లు కాకుండా పాయింట్లు కనపడతాయి, కంగారు పడకండి.

ఆఫీస్ డిపో వాళ్లది ఇంకో లెక్క. ఆఫీస్ మ్యాక్స్ కూడా వీళ్లదే, రెండూ 2013లో కలిసిపోయాయి. ఇక్కడ కూడా కార్ట్రిడ్జ్‌కి 2 డాలర్లే, కాకపోతే నెలకి 10 దాకానే, ఇంకా ఆ నెలలోనే 10 డాలర్ల కొనుగోలు ఉండాలి అనే షరతు నడిచింది. ఈ షరతులు ఎప్పుడు పడితే అప్పుడు మారతాయి కాబట్టి మీరు వెళ్లే రోజు యాప్‌లో టర్మ్స్ ఓపెన్ చేసి ఒకసారి చదివి వెళ్లండి, అలాగే వచ్చిన రివార్డ్ ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతుందో కూడా చూస్కోండి, వాడేలోపే గడువు అయిపోతే ఇచ్చి ఏం లాభం.

[స్క్రీన్ మీద: 20 × 2 × 6 = 240]

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. స్టేపుల్స్ రూల్ ప్రకారం నెలకి 20 చొప్పున ఆరు నెలలు ఇస్తే 120 కార్ట్రిడ్జ్‌లు, 240 డాలర్లు. 30 డాలర్ల ఇంక్ కొన్నందుకు 240 వెనక్కి! అబ్బో అనిపిస్తుంది, కానీ ఏ ఇంట్లో ఆరు నెలల్లో 120 కార్ట్రిడ్జ్‌లు అవుతాయి చెప్పండి? ఒక నలుపు, ఒక కలర్, మహా అయితే రెండు సెట్లు. అంటే మన చేతికి వచ్చేది 8 డాలర్లు. ఆ 240 చూసి కొంతమంది ఈబేలో ఖాళీ కార్ట్రిడ్జ్‌లు మూటలకి మూటలు కొని, ఇంట్లో నలుగురి పేర్ల మీద నాలుగు అకౌంట్లు పెట్టి, నెల నెలా తీసుకెళ్లి ఇచ్చేవాళ్లు. షరతులు బిగియడానికి ఇదొక కారణం. నా ఉద్దేశంలో ఇది తప్పు, ఎందుకంటే అలా చేసినవాళ్ల వల్ల నిజంగా ఇంట్లో మిగిలిన రెండు కార్ట్రిడ్జ్‌లు తెచ్చే పెద్దావిడకి కూడా ముందు ఇంక్ కొన్నారా అనే ప్రశ్న ఎదురవుతోంది.

అసలు కారణం మాత్రం వేరే ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మీ ఇంట్లో ఉన్న కార్ట్రిడ్జ్ ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. వెనక వైపు రాగి రంగులో చుక్కలు చుక్కలుగా ఒక పట్టీ, అడుగున సన్నటి మెటల్ ప్లేట్ ఉన్నాయా? ఉంటే ప్రింట్ హెడ్, అంటే కాగితం మీద ఇంక్ చిమ్మే భాగం, దాంట్లోనే ఉన్నట్టు. హెచ్‌పీ 61, 63, 65 లాంటివన్నీ ఈ టైపే. ఇవి ఖాళీ అయినా విలువ ఉంటుంది, రీమాన్యుఫాక్చర్ చేసే కంపెనీలు కొనుక్కుని, కడిగి, మళ్లీ ఇంక్ నింపి అమ్ముకుంటాయి. టోనర్ కార్ట్రిడ్జ్‌లు కూడా అంతే. ఎప్సన్‌వి, బ్రదర్‌వి ఎక్కువ శాతం ఉత్త ప్లాస్టిక్ డబ్బాలు, ఒక చిన్న చిప్ అంతే, హెడ్ ప్రింటర్‌లోనే ఉండిపోద్ది. అవి ఖాళీ అయ్యాక కొనేవాడు తక్కువ. దానికి తోడు చవకగా కొత్తగా తయారుచేసిన డూప్లికేట్ కార్ట్రిడ్జ్‌లు మార్కెట్‌ని ముంచెత్తాయి, ప్రింటర్ కంపెనీలేమో చిప్‌లతో, ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌లతో రీఫిల్‌ని అడ్డుకుంటూ వచ్చాయి. ఖాళీ డబ్బాకి బయట రేటు పడిపోయాక స్టోర్‌కి అది ఆదాయం కాదు, కస్టమర్‌ని మళ్లీ షాపుకి రప్పించే సాధనం మాత్రమే. అందుకే ముందు మా దగ్గర కొను అనే షరతు.

రీఫిల్ గురించి ఒక మంచి మాట కూడా చెప్పాలి. 2017 మే 30న అమెరికా సుప్రీంకోర్టు లెక్స్‌మార్క్ అనే ప్రింటర్ కంపెనీ కేసులో తీర్పిచ్చింది, కంపెనీ ఒకసారి కార్ట్రిడ్జ్ అమ్మేశాక దాని మీద పేటెంట్ హక్కు అక్కడితో అయిపోయినట్టే, ఖాళీవి కొని మళ్లీ నింపి అమ్మేవాళ్ల మీద పేటెంట్ కేసు వేయడం కుదరదు అని. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల సిరంజితో ఇంక్ నింపించుకున్న మనకి ఇది మామూలు విషయమే, ఇక్కడ దానికోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సొచ్చింది.

సరే, మరి మనం ఏం చేయాలి? ఎలాగూ ఇంక్ ఆ స్టోర్‌లోనే కొనేవాళ్లైతే హాయిగా ఖాళీవి పట్టుకెళ్లండి, ఫోన్ నంబర్ చెప్పి అకౌంట్‌లో వేయించుకోండి. అంతేగానీ 2 డాలర్ల కోసం 30 డాలర్ల ఇంక్ మాత్రం కొనకండి. రివార్డ్ రాకపోయినా కార్ట్రిడ్జ్ తీసుకుంటారు, అది గుర్తుపెట్టుకోండి. హెచ్‌పీ వాళ్లది ప్లానెట్ పార్ట్‌నర్స్ అని ఒక రీసైక్లింగ్ ప్రోగ్రామ్ 1991 నుంచి ఉంది, వాళ్లకి తిరిగి పంపొచ్చు, రివార్డ్ ఉండదు, ఖర్చూ ఉండదు. అదే హెచ్‌పీ వాళ్ల ఇన్‌స్టంట్ ఇంక్ అనే సబ్‌స్క్రిప్షన్‌లో వచ్చిన కార్ట్రిడ్జ్‌లైతే అసలు మీవి కావు, కంపెనీవి, వాళ్లు ఇచ్చిన కవర్‌లోనే పెట్టి పంపేయండి.

చెత్తలో ఎందుకు వద్దన్నానంటే, ఒక్కో డబ్బాలో గట్టి ప్లాస్టిక్, మెటల్, ఫోమ్, మిగిలిన ఇంక్ అన్నీ ఉంటాయి, మట్టిలో ఏళ్ల తరబడి అలాగే పడుంటాయి. తీసుకెళ్లేటప్పుడు ఒక్కొక్కటీ జిప్ కవర్‌లో పెట్టండి, కార్ సీట్ మీద ఇంక్ కారితే పోదు. టోనర్ పౌడర్ ఒలికితే వేడినీళ్లు వాడొద్దు, వేడికి కరిగి గుడ్డకి పట్టేస్తుంది, చల్లనీళ్లతోనే తుడవండి. మామూలు వాక్యూమ్ కూడా పెట్టొద్దు, ఆ పొడి మరీ సన్నం, ఫిల్టర్ దాటి ఇల్లంతా ఎగురుతుంది.

ఇంక్ ట్యాంక్ ప్రింటర్ వాడేవాళ్లు, ఎప్సన్ ఈకోట్యాంక్ లాంటివి, మీకు ఈ గొడవే లేదు. అవి ఇండోనేషియాలో 2010లోనే వచ్చాయి, అమెరికాకి వచ్చేసరికి 2015 అయింది. వాటికి వాడేది సీసాలు, కార్ట్రిడ్జ్ కాదు కాబట్టి ఈ 2 డాలర్ల లెక్కలో ఖాళీ సీసా పట్టుకెళ్లి కౌంటర్ దగ్గర నిలబడకండి.