పక్షవాతం తర్వాత ఏడుపు: మెదడు గీతలు ఏం చెప్తాయి, ఏం చెప్పలేవు

(తెర మీద: ఇంటి ముందుగది, కుర్చీలో పెద్దాయన, ఎదురుగా టీవీ నడుస్తోంది)

మా పెదనాన్నకి పక్షవాతం వచ్చి రెండు నెలలయ్యాక జరిగింది ముందు చెప్తాను. మెదడు ఎడమవైపు రక్తం గడ్డ అడ్డుపడి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట కూడా పోయింది. ఓ సాయంత్రం చూడ్డానికి వచ్చిన చుట్టాలు ఊళ్లో ఫలానా ఆయన పోయారని చెప్తుంటే ఈయన ఫక్కున నవ్వేశారు, ఆగలేదు, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారు, వచ్చినవాళ్లు మొహమొహాలు చూసుకుని టీ కూడా తాగకుండా లేచారు. మర్నాడు టీవీలో సబ్బు ప్రకటన చూసి వెక్కి వెక్కి ఏడ్చారు. పెద్దమ్మ "లోపల్లోపలే కుమిలిపోతున్నారురా" అని తనూ ఏడ్చింది. పెదనాన్న మాత్రం పనిచేసే ఎడమ చేత్తో గుండె మీద తట్టుకుని, అక్కడ ఏం లేదు, ఏం లేదు అన్నట్టు ఆ చెయ్యే అడ్డంగా ఊపారు.

ఆ సైగ మాకు అర్థం కావడానికి ఇంకో నెల పట్టింది. డిశ్చార్జి అప్పుడు ఆస్పత్రివాళ్లు బీపీ, షుగరు, ఫిజియోథెరపీ, ఉప్పు తగ్గించడం అన్నీ రాసిచ్చారు కానీ మనసు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అందుకే ఈ వీడియో.

ఏడుపు ఉండి దుఃఖం లేకపోవడం ఉంటుందా? ఉంటుంది. దాన్ని ఎమోషనలిజం అంటారు, కొందరు డాక్టర్లు సూడోబల్బార్ అఫెక్ట్ అంటారు. నవ్వుకీ ఏడుపుకీ కావలసిన ముఖం కదలిక, ఊపిరి, గొంతు, ఇవన్నీ నడిపేది మెదడు అడుగున ఉండే కాండం. పైనున్న భాగం దానికి కళ్లెం వేసి పట్టుకుంటుంది. పక్షవాతం ఆ కళ్లెపు తాళ్లు తెంపితే చిన్న కదలికకే కింద గుర్రం పరుగెడుతుంది. 1924లో బ్రిటన్ న్యూరాలజిస్ట్ కిన్నియర్ విల్సన్ దాదాపు ఇదే మాట చెప్పాడు, తర్వాత చిన్నమెదడు పాత్ర కూడా ఉందని ఇంకొందరు కలిపారు. మొదటి కొన్ని నెలల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి ఇది వస్తుంది.

ఇది డిప్రెషన్ కాదు. డిప్రెషన్ వేరే వస్తుంది, పక్షవాతం వచ్చినవాళ్లలో సుమారు ముగ్గురిలో ఒకరికి. మూడోది ఇంకా మోసం చేస్తుంది: అపతీ. బాధా ఉండదు, ఆసక్తీ ఉండదు, అన్నం పెడితే తింటారు, పెట్టకపోతే అడగరు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అంటారు, ఫిజియో చేయించే అబ్బాయి "సహకరించట్లేదండీ" అంటాడు. మూడూ ఒకే మనిషిలో కలిసి కూడా ఉండొచ్చు.

మరి తేల్చేదెలా? మామూలుగా డాక్టర్లు వాడేది ప్రశ్నల కాగితం, పీహెచ్‌క్యూ-9. గత రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, నీరసంగా ఉందా, ఇలా తొమ్మిది ప్రశ్నలు. ఇప్పుడు ఆలోచించండి, మాట పోయిన మనిషి దీనికి ఏం జవాబిస్తాడు? మాట ఉన్నవాళ్లకైనా నిద్ర చెడటం, నీరసం పక్షవాతం వల్లే రావచ్చు కదా. అందుకే మనిషిని అడక్కుండా మెదడునే అడిగితే ఎలా ఉంటుంది అన్న ఆశ పుట్టింది. మెదడు పనిచేసే తీరులో కనిపించే గుర్తులు, బయోమార్కర్లు అంటున్నది వాటినే.

(తెర మీద: తల మీద వైర్లు అంటించిన మనిషి, పక్కన స్క్రీన్ మీద గీతలు)

ఇందులో అందరికీ అందుబాటులో ఉన్నది ఈఈజీ, అంటే తల మీద వైర్లు అంటించి మెదడు కరెంటుని గీతలుగా తీసే పరీక్ష. దాని పుట్టుక భలేగా ఉంటుంది. జర్మనీలో యెనా ఊళ్లో హాన్స్ బెర్గర్ అనే డాక్టరు ఉండేవాడు. కుర్రాడిగా సైన్యంలో ఉన్నప్పుడు గుర్రం మీంచి పడి చావు తప్పించుకుంటే, అదే రోజు ఎక్కడో ఉన్న అక్కకి మనసు కీడు శంకించి వాళ్ల నాన్నతో టెలిగ్రాం ఇప్పించిందట. మనసు నుంచి మనసుకి ఏదో పాకుతుందని ఆయన నమ్మాడు, దాన్ని పట్టుకోవాలని ఏళ్లూ పూళ్లూ తంటాలు పడి 1924లో మనిషి తలమీంచి మొదటిసారి కరెంటు గీతలు తీశాడు, 1929లో ప్రచురించాడు. మనసుల మధ్య ప్రసారం దొరకలేదు, ఈఈజీ దొరికింది. విల్సన్ ఏడుపు గురించి రాసిందీ అదే 1924లో, ఒకళ్ల సంగతి ఒకళ్లకి సంబంధం లేకుండా.

కళ్లు మూసుకుని ఊరికే కూర్చుంటే సెకనుకి 8 నుంచి 13 సార్లు ఊగే అల వస్తుంది, దాని పేరు ఆల్ఫా. ఎక్కడ ఆల్ఫా ఎక్కువ ఉంటే అక్కడ మెదడు కాస్త ఖాళీగా ఉందని లెక్క. డిప్రెషన్ ఉన్నవాళ్లలో నుదుటి వెనక ఎడమవైపు ఆల్ఫా ఎక్కువ, అంటే ఆ వైపు పని తక్కువ అని చాలా ఏళ్లుగా చెప్పుకున్నారు. వినడానికి బాగుంది. కానీ 2017లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మనిషిని కూర్చోబెట్టి డిప్రెషన్ ఉందో లేదో చెప్పేంత బలం ఆ తేడాకి లేదని తేలింది, అదీ పక్షవాతం లేనివాళ్లలో.

పక్షవాతం వచ్చినవాళ్లలో అయితే ఇంకో చిక్కు. మా ఇంట్లోనే జరిగింది. పెదనాన్నకి ఫిట్స్ అనుమానంతో ఈఈజీ రాశారు. తలకి నూనె లేకుండా తీసుకురమ్మన్నారు, పెద్దమ్మ అలవాటుగా కొబ్బరినూనె పట్టించి దువ్వి మరీ తీసుకొచ్చింది, వైర్లు అంటుకోక టెక్నీషియన్ విసుక్కుని మర్నాడు రమ్మన్నాడు. సరే, మర్నాడు తీశారు. రిపోర్టులో ఎడమవైపు నెమ్మది అలలు ఎక్కువున్నాయని రాసి ఉంది. మా తమ్ముడు అది ఫోన్లో వెతికి "ఎడమవైపు తేడా అంటే డిప్రెషనే అన్నయ్యా" అని తేల్చేశాడు. కాదు. సెకనుకి నాలుగు కంటే తక్కువ ఊగే ఆ అలలు, డెల్టా అంటారు, దెబ్బ తిన్న చోటు చుట్టూ ఎలాగూ వస్తాయి. అది గాయం గుర్తు, మనసు గుర్తు కాదు. రెండింటినీ విడదీయడమే ఈ రంగంలో అసలు తలనొప్పి. మెదడు పనిచేస్తుండగా తీసే స్కాన్, ఎఫ్ఎంఆర్ఐ వాడినా అంతే, అది చూసేది రక్తప్రవాహంలో మార్పుని, పక్షవాతంలో మొదట చెడేదే ఆ రక్తప్రవాహం, కాబట్టి సిగ్నల్ ఆలస్యంగా వచ్చి లెక్క తప్పిస్తుంది.

అపతీ విషయంలో నాకు కాస్త నచ్చిన గుర్తు పీ300. ఒకే రకం బీప్‌లు వినిపిస్తూ మధ్యలో హఠాత్తుగా వేరే శబ్దం వేస్తారు. సెకనులో సుమారు మూడో వంతు గడిచేసరికి మెదడు ఒక పెద్ద అల లేపుతుంది, "ఇదేంటి కొత్తగా" అన్నట్టు. అపతీ ఉన్న రోగుల్లో కొత్త శబ్దానికి ఈ అల చిన్నదిగా కనిపించిందని కొన్ని అధ్యయనాలు చెప్తున్నాయి. నోరు తెరవక్కర్లేదు, ప్రశ్నకి జవాబివ్వక్కర్లేదు, అందుకే నచ్చింది. కానీ వయసు పెరిగినా, మతిమరుపు ఉన్నా కూడా ఈ అల తగ్గుతుంది.

ఇంకో పాత గొడవ ఉంది: దెబ్బ ఎక్కడ తగిలితే డిప్రెషన్ వస్తుంది? 1980లలో అమెరికాలో రాబర్ట్ రాబిన్సన్ బృందం ఎడమవైపు ముందు భాగానికి దగ్గరగా ఉంటే ఎక్కువ అంది. 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష అన్ని అధ్యయనాలూ కలిపి చూసి, అలాంటి సంబంధం కనపడట్లేదు అంది. ఇద్దరిలో ఎవరు తప్పు?

(తెర మీద: కరెంటు స్తంభాలు, చీకటి వీధి)

మన వీధిలో కరెంటు పోయిందంటే స్తంభం మన వీధిలోనే పడక్కర్లేదు కదా. నాలుగు వీధుల అవతల చెట్టు కొమ్మ పడ్డా అదే ఫీడరు కాబట్టి మనకీ చీకటే. 2019లో ఒక పరిశోధన 461 మంది రోగుల మెదడు గాయాలు తీసుకుని, ఆ చోట్లు మామూలు మనుషుల మెదడులో దేనితో కలిసి పనిచేస్తాయో చూసింది. గాయాలు ఎక్కడెక్కడో ఉన్నాయి, కానీ డిప్రెషన్ వచ్చినవాళ్ల గాయాలు ఒకే ఫీడరు మీద ఉన్నట్టు తేలింది, దాని సబ్‌స్టేషన్ లాంటిది నుదుటి వెనక ఎడమవైపు పైభాగం. డిప్రెషన్‌కి అయస్కాంతంతో ఇచ్చే టీఎంఎస్ చికిత్స, 2008లో అమెరికా అనుమతించింది, సాధారణంగా పెట్టేది ఆ చోటే. నా మట్టుకు నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే నమ్మకం కలిగించేది ఇదే. అలాగని మీ నాన్నగారి ఎంఆర్ఐ తీసుకెళ్లి డిప్రెషన్ వస్తుందా అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఇవన్నీ వందలమందిని కలిపి చూస్తే కనిపించే తేడాలు.

ఇంత తంటా ఎందుకు, అందరికీ ముందే డిప్రెషన్ మాత్ర ఇచ్చేస్తే పోలా అని మీకు అనిపించొచ్చు. ఇచ్చి చూశారు. బ్రిటన్‌లో 3127 మందితో ఫోకస్ అనే ట్రయల్ జరిగింది, 2018లో ఫలితం వచ్చింది. ఆరు నెలలు ఫ్లూఓక్సెటీన్ ఇస్తే డిప్రెషన్ కొత్తగా రావడం తగ్గింది, కానీ కోలుకోవడంలో తేడా రాలేదు, పైగా ఎముకలు విరగడం పెరిగింది. అసలే తూలి పడే మనిషికి అది చిన్న విషయం కాదు. కాబట్టి ఎవరికి కావాలో వాళ్లకే ఇవ్వాలి, ఆ ఎంపికకే ఈ గుర్తులు ఒకనాటికి పనికొస్తాయని ఆశ.

ఈలోపు? మాట పోయినవాళ్ల కోసం ఇంట్లోవాళ్లని అడిగే ప్రశ్నల కాగితాలున్నాయి. కళ్లలోకి చూస్తున్నారా, ఒంటరిగా ఉండాలని చూస్తున్నారా, ఇష్టమైన పనికి చెయ్యి చాస్తున్నారా. మూడో నెలలో చూపించిన డాక్టరుగారు పెద్దమ్మని ఇలాగే కూర్చోబెట్టి అడిగారు. ఆవిడ ఏడుపు గురించే చెప్తూ చెప్తూ, "పొద్దున్నే పేపరు కోసం చెయ్యి చాచేవారండీ, చదవలేకపోయినా, ఈ పది రోజుల్నుంచీ అదీ లేదు" అంది. ఆయన పెన్ను ఆపి, ఆ మాట మళ్లీ చెప్పమన్నారు.

ఏడుపు ఒకటి, ఇది ఇంకొకటి అని అప్పుడు తెలిసింది. రెండింటికీ కలిపి మందు మొదలుపెట్టారు. మీ ఇంట్లో ఇలా ఉంటే న్యూరాలజిస్ట్‌ని నోరు తెరిచి అడగండి, వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

పెదనాన్నకి ఏడుపు ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది. మేం ఓదార్చం. గ్లాసుతో నీళ్లిచ్చి, చెప్తున్న కబురు ఆపకుండా చెప్పుకుపోతాం, ఆయన మధ్యలో కళ్లు తుడుచుకుని ఎడమ చెయ్యి ఊపుతారు, కానీయ్ కానీయ్ అన్నట్టు.