ఫైటర్ చేపలను జత కట్టించడం: బ్రీడింగ్ బాక్సు, జల్లెడ పలక, లాంతరు గ్లాసు – ఏది మేలు?

నమస్కారం. ఫైటర్ చేపలను ఇంట్లో జత కట్టించడానికి పెంపకందారులు ఎక్కువగా వాడే మూడు ఏర్పాట్లను ఈ వీడియోలో పరిశీలిద్దాం. ఒకటి తొట్టె అంచుకు తగిలించే ప్లాస్టిక్ బ్రీడింగ్ బాక్సు, రెండోది తొట్టె మధ్యలో నిలబెట్టే జల్లెడ పలక, మూడోది లాంతరు గ్లాసు. మూడింటికీ నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. ఆడచేప ఒంటి మీద దెబ్బ పడకుండా కాపాడుతూనే, రెండు చేపలూ ఒకదాన్నొకటి తేరిపార చూసుకునే వీలు ఆ ఏర్పాటు కల్పిస్తుందా లేదా అన్నదే ఆ పరీక్ష.

ఈ పరీక్షే ఎందుకో ముందుగా చెప్పాలి. బెట్టా స్ప్లెండెన్స్ అనే ఈ చేప థాయ్‌లాండ్‌కు చెందినది. ఆ దేశం 2019లో దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. అక్కడ పందేల కోసం తరతరాలుగా బాగా పోరాడే చేపలనే ఏరి పెంచడం వల్ల దీని కోపం మరింత ముదిరింది. మొప్పలు విప్పి, రెక్కలు పూర్తిగా చాచి, ఒంటి రంగు ముదిరి మగచేప ఆడచేప మీదికి వెళ్లే తీరుకూ, మరో మగచేప మీదికి వెళ్లే తీరుకూ మొదట్లో పెద్ద తేడా కనిపించదు. తేడా వచ్చేది ఆడచేప స్పందనలోనే. సిద్ధంగా ఉన్న ఆడచేప తల కిందికి వంచి, మెల్లగా మగచేప దగ్గరికి వెళ్తుంది. సిద్ధంగా లేనిది పారిపోతుంది. పొలాల్లోనూ మడుగుల్లోనూ అలా పారిపోవడానికి కావలసినంత చోటు ఉంటుంది, తొట్టెలో ఉండదు. అందుకే కోపాన్ని తగ్గించడం మన పని కాదు. ఆడచేప తన స్పందన చూపేదాకా దెబ్బలు పడకుండా ఆపడమే మన పని.

ప్లాస్టిక్ బాక్సు ఈ పనికి తయారైనది కాదు. అది గప్పీల వంటి పిల్లలు పెట్టే చేపల కోసం చేసినది. అందులో ఆడచేప తిరగడానికి చోటు చాలదు, పక్కల ఉన్న చీలికల వల్ల మగచేపను సరిగా చూడనూ లేదు. ఇది కొనవద్దని నా సలహా.

జల్లెడ పలక దీనికంటే మెరుగు. రెండు వైపులా ఒకే నీరు ఉంటుంది కాబట్టి ఒకదాని వాసన మరొకదానికి అందుతుంది, ఆడచేపకు చోటూ దొరుకుతుంది. అయితే పలక పక్కన వేలు పట్టేంత సందు ఉన్నా మగచేప అందులో దూరడానికి ప్రయత్నించి రెక్కలు చింపుకుంటుంది. పైగా పలకను తీసేటప్పుడు నీరంతా కదిలి, మగచేప కట్టుకున్న బుడగల గూడు చెదిరిపోతుంది. ఇది చిన్న లోపం కాదు, ఎందుకంటే గుడ్లు నిలవవలసింది ఆ గూటిలోనే.

లాంతరు గ్లాసు రెండు వైపులా తెరిచి ఉంటుంది. తొట్టెలో అయిదారు అంగుళాల నీరు మాత్రమే పోసి, గ్లాసును అడుగున నిలబెట్టి, అందులో ఆడచేపను వదిలితే, అది పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు, మగచేపను అన్ని వైపుల నుంచీ చూడగలదు. మగచేప దాని చుట్టూ తిరుగుతూ, మధ్యమధ్యలో వెళ్లి గూడు కట్టుకుంటుంది. గూటికి ఆధారంగా నీటి మీద ఎండిన బాదం ఆకు వేయండి. మన ఊళ్లలో వీధి పక్కన రాలే ఆకే చాలు, కడిగి వాడండి. ఆడచేప ఒంటి మీద నిలువు చారలు కనిపించి, పొట్ట కింద తెల్లని చుక్క పొడుచుకువచ్చి, అది గూటి వైపే చూస్తూ ఉంటే, గ్లాసును నెమ్మదిగా పైకి ఎత్తండి. అడ్డచారలు కనిపిస్తే అది భయం. ఆ రోజు వదలవద్దు. లేత రంగు చేపల్లో ఈ చారలు కనిపించవు కాబట్టి వాటి నడవడినే చూడాలి. వలతో పట్టకుండా, నీరు కదలకుండా ఆడచేపను వదలగలగడమే ఈ పద్ధతి గొప్పతనం. గ్లాసు ఇరుకు కాబట్టి ఒకటి రెండు రోజులకు మించి ఉంచకూడదన్నది దీని పరిమితి. గ్లాసు దొరకకపోతే రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాను పైనా కిందా కోసి, అంచులు నునుపు చేసి వాడవచ్చు.

వదిలిన తర్వాత కొంత తరుముకోవడం, రెక్కలు కాస్త చిరగడం సహజమే. దాక్కోవడానికి గుబురు మొక్కలు తప్పక ఉండాలి. తర్వాత గూటి కింద మగచేప తన ఒంటిని ఆడచేప చుట్టూ వంచి బిగిస్తుంది. కొన్ని క్షణాలు రెండూ కదలకుండా ఉండిపోతాయి, తెల్లని గుడ్లు రవ్వగింజల్లా జారిపడతాయి. ముందుగా తేరుకునే మగచేప వాటిని నోటితో ఏరి గూటిలో పెడుతుంది. గంటల తరబడి ఇదే సాగుతుంది. అంతా అయ్యాక మగచేప ఆడచేపను గుడ్లకు ముప్పుగా చూసి తరమడం మొదలుపెడుతుంది. ఆ క్షణమే ఆడచేపను తీసేయాలి.

నీరు 28 డిగ్రీల దగ్గర ఉంటే ఒకటిన్నర రోజుల్లో పిల్లలు బయటపడి, తోకలు కిందికి వేలాడేస్తూ గూటికి అంటుకుని ఉంటాయి. జారినవాటిని తండ్రే తిరిగి పైకి చేరుస్తుంది. మరో రెండు మూడు రోజులకు అవి అడ్డంగా ఈదడం మొదలుపెట్టగానే మగచేపనూ వేరు చేయండి. మొదటి మేత ఇన్ఫుసోరియా, అంటే నీటిలో ఉండే కంటికి కనబడనంత సూక్ష్మజీవులు, ఆ తర్వాత అప్పుడే పొదిగిన ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి రొయ్య పిల్లలు. గాలి పీల్చే అవయవం ఏర్పడే తొలి వారాల్లో నీటి పైగాలి చల్లబడకుండా తొట్టె మీద మూత ఉంచడం తప్పనిసరి.

ఫ్లవర్‌హార్న్ వంటి, సిక్లిడ్ కుటుంబానికి చెందిన పెద్ద చేపలకు ఈ లాంతరు గ్లాసు పనికిరాదు, వాటికి గట్టి జల్లెడ పలకే కావాలి. ఫైటర్లకు మాత్రం నా ఓటు లాంతరు గ్లాసుకే. ఒక్క ఈతలో వందల పిల్లలు రావచ్చు, రెండు మూడు నెలలకు మగవాటన్నింటికీ విడివిడి సీసాలు కావాలి. వాటికి చోటు చూసుకున్నాకే ఆ గ్లాసును ఎత్తండి.