ముందు తొట్టి, తర్వాత ఆటో

అందరికీ నమస్కారం. తోటి ఫిజికల్ డైరెక్టర్లకి, అదే మన పీడీలకి, కోచ్‌లకి, వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న కబడ్డీ పిల్లలకి కూడా. లోపలికి వస్తూ మెట్ల పక్కన పెద్ద నీలం తొట్టి చూశారు కదా, పెళ్లి వంటల దగ్గర నీళ్లు పట్టి ఉంచే రకం, పక్కనే గోనెసంచి కప్పిన ఐస్ గడ్డలు. కూల్‌డ్రింకులేమో అనుకుని ఒకరిద్దరు సంచి ఎత్తి చూశారు, నేను గమనించాను. దాని సంగతి తర్వాత. ముందు ఆటగాళ్ల భద్రత గురించి, అందులోనూ వడదెబ్బ గురించి మాట్లాడుకుందాం.

విజయవాడ ఎండ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఊరిని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. పైగా కృష్ణ పక్కనే ఉన్నాం కాబట్టి గాల్లో తడి ఎక్కువ, చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరితేనే ఒళ్లు చల్లబడేది. అందుకే సెల్‌లో చూపించే 42 డిగ్రీల అంకె ఒక్కటే నమ్ముకుని ప్రాక్టీస్ పెట్టకండి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట, ఏప్రిల్ చివర్లో, గుంటూరు దగ్గర ఒక కాలేజీ గ్రౌండ్‌లో కబడ్డీ సెలెక్షన్స్. ఎనిమిదింటికి మొదలవ్వాలి. ముఖ్య అతిథి వచ్చేసరికి పదకొండయింది (మనకి ఇది కొత్త కాదు). ఒక రైడర్ ఉన్నాడు, ముందురోజు జ్వరం వచ్చిందట, చెబితే పక్కన పెడతారని దాచేశాడు. మూడో మ్యాచ్‌లో రైడ్‌కి వెళ్లి, తిరిగి రావాలన్న సంగతే మర్చిపోయినట్టు అవతలి కోర్టులో అలాగే నిలబడిపోయాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రెండు నిమిషాల్లో కింద పడ్డాడు.

ఏం చేశాం? నీడకి లాగాం, మొహం మీద నీళ్లు కొట్టాం, ఎవరో ఉల్లిపాయ తెచ్చారు, ఇంకెవరో స్పృహ లేనివాడి నోట్లో గ్లూకోజ్ నీళ్లు పోయబోయారు. "చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే" అన్నది మాత్రం నేనే. తర్వాత ఆటోలో వేసుకుని పరిగెత్తాం. వాడు బతికాడు. కిడ్నీలు దెబ్బతిని చాలా రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు, మళ్లీ కోర్టులోకి మాత్రం రాలేదు.

ఆటగాళ్లకి వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండొచ్చు. ఇది రాసిపెట్టుకోండి. చూడాల్సింది చెమట కాదు, మనిషి తీరు. తడబడే నడక, పొంతన లేని మాట, ఊరికే కోపం, స్కోరు ఎంత అంటే తెల్లమొహం వేయడం. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, మెదడు తడబడుతోందంటే అది వడదెబ్బే. చంకలో థర్మామీటర్ పెడితే తక్కువ చూపించి మోసం చేస్తుంది. ఆ వేడిని మొదటి అరగంటలో దించగలిగితే దాదాపు అందరూ బతుకుతారు, ఆలస్యమైన కొద్దీ కిడ్నీ, కాలేయం, మెదడు ఒక్కొక్కటిగా పోతాయి. అందుకని 108కి ఫోన్ చేయడం ఒకరి పని, అదే నిమిషంలో మనిషిని మెడదాకా ఐస్ నీళ్లలో కూర్చోబెట్టడం మిగతావాళ్ల పని. బండి కోసం చూస్తూ కూర్చోకూడదు. బండి ముందే వచ్చినా చల్లబరిచాకే ఎక్కించాలి. మేము సరిగ్గా తలకిందులుగా చేశాం.

మనమే ఇలా అనుకోకండి. అమెరికాలో మేరీల్యాండ్ యూనివర్సిటీ ఉంది, వాళ్ల దగ్గర డబ్బుకి, ట్రైనర్లకి కొదవేం లేదు. 2018 మే 29న జోర్డన్ మెక్‌నెయిర్ అనే 19 ఏళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు పరుగుల ప్రాక్టీస్‌లో నలతపడ్డాడు. అతనికి టెంపరేచర్ చూడలేదు, చల్లటి నీళ్లలో ముంచలేదు, నలత కనబడినప్పటి నుంచి అంబులెన్స్ కదిలేసరికి గంటన్నర దాటింది. జూన్ 13న చనిపోయాడు. ఆగస్టులో యూనివర్సిటీ అధ్యక్షుడు చట్టపరంగా, నైతికంగా బాధ్యత మాదే అని బయటికొచ్చి ఒప్పుకున్నాడు.

ఆ ఒప్పుకోవడం దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే మన కాలేజీల్లో క్రీడాకారుల భద్రత పేరుతో ఉన్న కాగితం చాలాచోట్ల ఒక్కటే, అండర్‌టేకింగ్. "ఆటలో ఏం జరిగినా కాలేజీకి సంబంధం లేదు" అని నాన్న చేత సంతకం పెట్టించుకుంటాం. నేనూ వందల సంతకాలు పెట్టించాను. ఆ కాగితం ఎవరిని కాపాడుతోందో మీరే చూడండి. దాని వెనకవైపు ఖాళీగానే ఉంటుంది కదా, అక్కడ రాద్దాం: తొట్టి ఎక్కడుంది, ఐస్ ఎవరు తెస్తారు, గేటు తాళం ఎవరి దగ్గర ఉంది (నవ్వకండి, అంబులెన్స్ గేటు బయట ఆగిపోవడం నేను చూశాను), ఆట ఆపమని ఎవరంటే ఆగాలి.

ఈ చివరిదే అసలు విషయం. అమెరికా కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏలో పెద్ద కాన్ఫరెన్సులు, అంటే కాలేజీ జట్ల లీగులు, 2016లో ఒక నియమం పెట్టుకున్నాయి: ఆటగాడు ఆటలోకి దిగొచ్చా లేదా అన్నది వైద్య సిబ్బంది మాట, కోచ్ కాదనడానికి లేదు. మనకి ప్రతి గ్రౌండ్‌కీ డాక్టర్ ఎక్కడ దొరుకుతాడు అంటారు, నిజమే. అయితే గెలుపుతో సంబంధం లేని ఒక మనిషిని పెట్టండి, లైబ్రేరియన్ అయినా సరే, ఆయనకి ముందే నేర్పించండి. కోచ్‌కి ఆ అధికారం ఇవ్వకండి. ఆ రోజు ఆపాల్సింది నేనే, నాకేమో ఆ కుర్రాడు జట్టులో కావాలి.

వెయిట్ గురించి కూడా చెప్పాలి. తక్కువ బరువు విభాగంలో ఆడాలని తూకానికి ముందురోజు రెయిన్‌కోట్ వేసుకుని పరిగెత్తేవాళ్లు, నీళ్లు మానేసి ఉమ్ముతూ తిరిగేవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, పేర్లు చెప్పను. 1997 చివర్లో ఇలాగే బరువు దించబోయి నెల రోజుల అటూఇటూలో ముగ్గురు అమెరికన్ కాలేజీ రెజ్లర్లు చనిపోయారు. అప్పుడుగానీ రబ్బరు సూట్లు నిషేధించి, తూకాన్ని మ్యాచ్ దగ్గరికి జరపలేదు. మనమూ తూకం మ్యాచ్‌కి గంట ముందు పెడితే ఈ వేషాలు వాటంతటవే తగ్గుతాయి. మూత్రం ఎక్కువయ్యే బిళ్లలైతే డోపింగ్ నిషేధ జాబితాలోనే ఉన్నాయి, దొరికితే కెరీర్ పోయినట్టే.

తలకి దెబ్బ తగిలి కళ్లు తిరిగితే ఆ రోజుకి ఆట లేదు, వాడే బాగున్నానన్నా సరే. మనిషి కుప్పకూలి శ్వాస లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కండి. 2021 యూరో కప్‌లో డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు ఎరిక్సన్ గుండె ఆగినప్పుడు గ్రౌండ్‌లోనే నొక్కి, షాక్ ఇచ్చి బతికించారు. మళ్లీ ఆడాడు కూడా.

అమ్మాయిలూ, నెలసరి ఆగిపోతే ఫిట్‌నెస్ పెరిగిందని సంబరపడకండి, తిండి చాలడం లేదేమో చూసుకోండి. ఈ మాట చెప్పుకోవడానికి టీమ్‌తో ఒక మేడమ్ ఉండాలని ప్రిన్సిపాల్ గారిని అడగండి. మగ పీడీకి ఏ పిల్లా చెప్పదు.

సరే, ఇక చాలు. బయట తొట్టిలో నీళ్లు పట్టమని చెప్పాను. ఒక వాలంటీర్ కావాలి, డెబ్బై కిలోల పైన ఉన్నవాళ్లయితే మంచిది, పడిపోయినవాణ్ణి ఎత్తడం ఎంత కష్టమో తెలుస్తుంది. ఇద్దరు చంకల కింద తువ్వాలు వేసి పట్టుకోవాలి, తల మునగకూడదు, ఒకరు నీళ్లు కలియబెడుతూ ఉండాలి. లైబ్రేరియన్ గారూ, మీరు వాచీ పట్టుకోండి. ఐస్ కరిగిపోతోంది, పదండి.