నుదుటి మీద టైము

అందరికీ నమస్కారం. యుద్ధ అనుభవాలు చెప్పమని నన్ను పిలిచారు. యుద్ధం గురించి చెప్పేంత నేను చూడలేదు. బయల్దేరే ముందు ఇచ్చిన ట్రైనింగ్ గురించైతే చెప్పగలను.

నేను రిజర్విస్ట్‌ని, అంటే సైన్యం పిలిచినప్పుడు వెళ్లేవాణ్ణి. ఏడాదిలో ఎక్కువ రోజులు మామూలు ఉద్యోగే. నేను లెక్కల టీచర్ని. ఆర్డర్ వచ్చేసరికి పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. మిగిలిన కట్ట పక్క సెక్షన్ టీచర్‌కి అప్పజెప్పి వెళ్లాను.

మొదటి రెండు రోజులు తుపాకీ ముట్టుకోలేదు. అన్నీ క్యూలే! పళ్ల పరీక్ష, టీకాలు, వీలునామా. ఒక ఫారంలో 'ఏదైనా జరిగితే ముందు ఎవరికి చెప్పాలి' అని ఉంది. అమ్మ పేరు రాశాను. వెనక నిలబడ్డ సార్జెంట్ అది చూసి, "ఆవిడకి గుండె జబ్బు అన్నావుగా? తలుపు తీయగానే యూనిఫాంలో ఇద్దరు కనిపిస్తే తట్టుకుంటుందా?" అన్నాడు. కొట్టేసి అన్నయ్య పేరు రాశాను.

తర్వాతవి మామూలే. 25 మీటర్ల టార్గెట్ మీద రైఫిల్ జీరో చేసుకోవడం (అంటే గురిపెట్టిన చోటే గుండు తగిలేలా సరిచేసుకోవడం), 9 సెకన్లలో గ్యాస్ మాస్క్ తొడుక్కోవడం. కళ్లద్దాలు తీయడానికే నాకు సగం టైం పోయేది. కుర్రాళ్లు నవ్వేవారు.

నన్ను నిజంగా భయపెట్టింది టోర్నికే. రక్తం ఆపడానికి చేతికో కాలికో బిగించే పట్టీ అది. తొడలోని పెద్ద రక్తనాళం తెగితే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. అందుకే చీకట్లో, ఒక్క చేత్తో, ఎవరికి వాళ్లు కట్టుకోవడం నేర్పిస్తారు. గాయానికి నాలుగు వేళ్ల పైన వేయాలి, కీలు మీద వేయకూడదు. రక్తం ఆగేదాకా పట్టీకి ఉన్న కడ్డీ తిప్పి బిగించాలి. "నొప్పి లేదంటే సరిగ్గా బిగించలేదన్నమాట" అనేవాడు ఇన్‌స్ట్రక్టర్. ఆ నొప్పి ఎలాంటిదంటే, పక్కవాడి కాలికి బిగిస్తుంటే వాడు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పలేను. అయినా ఆపకూడదు. నాకు అన్నిటికన్నా కష్టమైంది అదే. అరుస్తున్న మనిషికి ఇంకా నొప్పి పెట్టాలి, చేతులు వణక్కూడదు.

కట్టాక టైము రాయాలి. పట్టీ ఎక్కువసేపు ఉంటే కాలే పోవచ్చు, డాక్టర్‌కి ఆ లెక్క కావాలి. పాత పద్ధతిలో నుదుటి మీదే రాసేవారు. నా వంతు వచ్చినప్పుడు పక్కవాడు కసి తీర్చుకున్నాడు. మార్కర్‌తో 14:20 అని పెద్దగా రాశాడు.

ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మ అడిగింది, "నుదుటి మీద ఆ రాతేంట్రా?"

"మార్కర్ మరకమ్మా, కడిగితే పోతుంది" అన్నాను.

నాలుగు రోజులు పోలేదు.