కుక్క ఆగిన చోట

(దృశ్యం: తెల్లవారిన కాసేపటికి, గోడ వారగా మొలిచిన గడ్డి దుబ్బులో ముక్కు దూర్చి నిలబడిన కుక్క. మెడపట్టీకి కట్టిన తాడు బిగుసుకుని ఉంటుంది. రెండో కొస ఒక మనిషి చేతిలో, ఇంకో చేతిలో ఫోను.)

వ్యాఖ్యానం: కుక్కను పెంచుకునేవారికి ఈ దృశ్యం కొత్తది కాదు. అది ఆగుతుంది, మనం తాడు లాగుతాం. మనకు ఆ నడక త్వరగా ముగించుకోవలసిన పని. రోజులో ఎక్కువ భాగం నాలుగు గోడల మధ్య గడిపే కుక్కకు మాత్రం బయటి లోకం చేతికందే సమయం అదొక్కటే. ఉన్న క్షణం మీద మనసును నిలిపే సాధనను ఇప్పుడు అందరూ మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నారు. దానికి ప్రత్యేకంగా ఒక గది, ఒక ఆసనం ఉండి తీరాలని నేను అనుకోను. ఆ తాడును కాస్త వదులు చేస్తే మొదలుపెట్టవచ్చు.

(దృశ్యం: కుక్క ముక్కు, అతి దగ్గరగా. రంధ్రాల అంచులు అదురుతుంటాయి.)

వ్యాఖ్యానం: ముందుగా అది అక్కడ ఏం చేస్తోందో చూద్దాం. వాసనను పసిగట్టే గ్రాహకాలు మనిషి ముక్కులో సుమారు 60 లక్షలు ఉంటాయని, కుక్క ముక్కులో జాతిని బట్టి 30 కోట్ల దాకా ఉండవచ్చని అంచనా. వాసన చూసేటప్పుడు అది సెకనుకు దాదాపు 5 సార్లు గాలి పీలుస్తుంది. ముక్కు రంధ్రాల పక్కనున్న సన్నని చీలికలను గమనించండి. విడిచిన గాలి వాటి గుండా పక్కలకు మళ్లిపోతుంది కాబట్టి, ఎదురుగా ఉన్న వాసన చెదిరిపోదు. మనకు పచ్చగా మాత్రమే కనిపించే ఆ దుబ్బులో, తనకన్నా ముందు వచ్చి వెళ్లిన కుక్కల ఆనవాళ్లను అది ఒక్కొక్కటిగా విడదీసి తెలుసుకుంటోంది. కుక్కల ప్రవర్తనను పరిశోధించే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ మరొకరితో కలిసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు వారాలు వాసన పట్టే ఆటలు ఆడిన కుక్కలు, లోపల తిండి ఉందో లేదో తెలియని గిన్నె వైపు మునుపటికన్నా చురుగ్గా, అంటే ఉంటుందన్న ఆశతో, వెళ్లాయి. యజమాని పక్కనే ఒద్దికగా నడవడం అభ్యసించిన కుక్కల్లో ఆ మార్పు కనిపించలేదు.

(దృశ్యం: ఫోను జేబులోకి వెళుతుంది. తాడు వదులై కిందికి వాలుతుంది.)

వ్యాఖ్యానం: ఇక మన వంతు. కుక్క ఆగినప్పుడు మనమూ ఆగుదాం. అరికాళ్ల కింద నేల ఎలా ఉందో, చెవికి ఏ చప్పుడు ముందు అందుతోందో గమనించి, ఆ తరువాత చూపును కుక్క ముక్కు మీద నిలుపుదాం. పది క్షణాల్లోనే మనసు ఆఫీసుకో, నిన్నటి గొడవకో పరుగెత్తుతుంది. అది తప్పేమీ కాదు. పోయిందని తెలిసిన వెంటనే దాన్ని విసుక్కోకుండా వెనక్కి తెచ్చుకోవడమే అసలు అభ్యాసం. 1979లో జాన్ కబట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో ప్రారంభించిన ఒత్తిడి నివారణ కార్యక్రమానికి మూలం కూడా ఇదే. కుక్కతో చేసేటప్పుడు ఒక సౌకర్యం ఉంది: ఎంతసేపు చేయాలో మనం నిర్ణయించనక్కర్లేదు, ఆ సంగతి అదే చూసుకుంటుంది.

అలాగని కుక్కను మునీశ్వరుణ్ణి చేయడం నాకు నచ్చదు. ఉరుము వినబడితే మంచం కింద దూరేది కూడా అదే. పైగా మన ఒత్తిడి దానికి అంటుతుంది. స్వీడన్‌లోని లింషోపింగ్ విశ్వవిద్యాలయం 2019లో 58 కుక్కల వెంట్రుకల్లోను, వాటి యజమానుల వెంట్రుకల్లోను ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ అనే హార్మోనును కొలిచి చూసినప్పుడు, రెండింటి దీర్ఘకాలిక స్థాయిలు కలిసే మారుతున్నట్టు తేలింది. కాబట్టి మన మనసును మనం చూసుకోవడంలో కుక్కకూ వాటా ఉంది. దిగులు వారాల తరబడి వీడకపోతే మాత్రం నడకతో సరిపెట్టుకోకుండా వైద్యులను కలవాలి.

(దృశ్యం: తెరిచిన నోటుపుస్తకం. పెన్సిలుతో గీసిన వంకర గీత, దాని మీద చిన్నా పెద్దా చుక్కలు.)

వ్యాఖ్యానం: ఇంటికి చేరాక ఐదు నిమిషాలు కేటాయించి నడిచిన దారిని ఒక గీతగా గీయండి. ఇళ్లు, మలుపులు వద్దు. కుక్క ఆగిన చోట్లకే చుక్కలు పెట్టండి. కాసేపే ఆగితే చిన్న చుక్క, కదలనని మొండికేస్తే పెద్ద చుక్క. బొమ్మలు రానివారు కూడా చేయగల పని ఇది, అందుకే నాకు ఇష్టం. నడకలో ఎంత శ్రద్ధగా ఉన్నామో ఆ కాగితం దాచకుండా చెప్పేస్తుంది. ఫోను చూస్తూ నడిచిన రోజున చుక్కలు ఎక్కడ పెట్టాలో తోచదు. నా పుస్తకంలో అలాంటి ఖాళీ గీతలు చాలానే ఉన్నాయి. వారం తిరిగేసరికి ఒకే దారికి ఏడు వేర్వేరు పటాలు తయారవుతాయి.

బొమ్మలు గీయాలనే కోరిక ఉన్నవారు పడుకున్న కుక్కతో మొదలుపెట్టవచ్చు. డొక్క పైకి లేచి దిగడాన్ని కాసేపు చూసి, పెన్సిలు ఎత్తకుండా వెన్ను గీతను ఒక్కటే గీయండి. అది సగంలో లేచి వెళ్లిపోతుంది. ఆ సగం గీతను అలాగే ఉంచి, పక్కన తేదీ వేయండి.

(దృశ్యం: మరుసటి ఉదయం. అదే గోడ, అదే దుబ్బు. కుక్క దాన్ని దాటిపోయి, ఏమీ లేనట్టు కనిపించే ఒక రాయి దగ్గర ఆగుతుంది.)

వ్యాఖ్యానం: నిన్నటి పటంలో ఈ రాయి లేదు. అక్కడ ఏముందో మనకు తెలియదు గనుక, ఇవాళ్టి చుక్క పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టుకుంటే సరిపోతుంది.