ఆయన పీపీఓలో మీ పేరు ఎలా ఉంది?

సభకు వచ్చిన అమ్మలకు, అక్కలకు, పెన్షనర్ మిత్రులకు నమస్కారం.

పెన్షనరు పోయాక భార్యకో భర్తకో వచ్చే కుటుంబ పెన్షన్ మీద మాట్లాడమని సంఘం వాళ్లు అడిగినప్పుడు నేను ఒక్కటే కోరాను. భార్యాభర్తలు ఇద్దరూ రావాలి అన్నాను. "ఆయన నిక్షేపంగా ఉండగా ఆ మాటలెందుకండీ, అశుభం" అని కొందరు వెనకాడారట. ట్రెజరీలో పనిచేసినన్నాళ్లూ ఆ మాట వింటూనే ఉన్నాను. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ దానివల్ల జరిగేదేమిటంటే, పెన్షన్ ఫైలు ఆవిడ చేతికి మొదటిసారి వచ్చేది ఆయన పోయిన తర్వాతే. పదకొండో రోజు, పన్నెండో రోజు అయిపోతాయి, పిల్లలు తిరుగు ప్రయాణం కడతారు, అప్పుడు ఆవిడ ఒక్కతే ఆ కాగితాలు ముందేసుకుని కూర్చుంటుంది. కుటుంబ పెన్షన్ హక్కు భర్త పోయిన మర్నాటి నుంచే మొదలవుతుంది. డబ్బు మాత్రం కాగితం సరిగ్గా ఉంటేనే కదులుతుంది.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఇది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు ఇప్పుడున్న కుటుంబ పెన్షన్ పథకం 1964 జనవరి 1న వచ్చింది. అంతకు ముందే పోయినవాళ్ల భార్యలకు అది వర్తించదన్నారు. వాళ్లు ఊరుకోలేదు, సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1985లో పూనమల్ కేసులో వాళ్లకూ ఆ పెన్షన్ దక్కింది. అందుకని కౌంటరు దగ్గర చేతులు కట్టుకుని నిలబడనక్కర్లేదు. భార్య ఉద్యోగి అయి, ఆవిడ ముందు పోతే, భర్తకూ ఇదే వర్తిస్తుంది.

ఇప్పుడు లెక్క. కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం చెబుతాను. ఆయన రిటైరైన నాటి మూలవేతనం 60,000 అనుకుందాం. పెన్షన్ అందులో సగం, 30,000. మామూలు కుటుంబ పెన్షన్ మూలవేతనంలో 30 శాతం, అంటే 18,000. కనీసం 9,000కి తగ్గదు. దీనిమీద కరువు భృతి అదనం. కానీ రిటైరైన కొద్ది కాలానికే ఆయన పోతే వెంటనే 18,000కు దించరు. కొంతకాలం హెచ్చు రేటు, 50 శాతం ఇస్తారు. ఆ కొంతకాలం ఎంతంటే, ఆయన పోయిన నాటి నుంచి 7 ఏళ్లు, లేదా ఆయన బతికుంటే 67 నిండే తేదీ, వీటిలో ఏది ముందైతే అది. 60కి రిటైరై 64కు పోతే మూడేళ్లపాటు నెలకు 30,000, ఆ తర్వాత 18,000. 72వ ఏట పోతే మొదటి నుంచీ 18,000 మాత్రమే.

ఈ హెచ్చు రేటు ఆగిపోయే తేదీ దగ్గరే గొడవలన్నీ. ఆ తేదీ పీపీఓలోనే, అంటే పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులోనే రాసి ఉంటుంది, చాలామంది చూడరు. ఉన్నట్టుండి పెన్షన్ తగ్గితే బ్యాంకు మోసం చేసిందనుకుంటారు. అంతకన్నా కష్టమైనది ఇంకోటి ఉంది. బ్యాంకువాళ్లు తేదీ గమనించకుండా హెచ్చు రేటే వేస్తూ పోతారు, ఏళ్ల తర్వాత ఆడిట్‌లో బయటపడుతుంది. అప్పుడు లక్షల్లో అదనంగా పడిందని నెలనెలా కోత పెడతారు. తప్పు వాళ్లదే అయినా కోత పడేది డెబ్బై ఐదేళ్ల మనిషి మందుల డబ్బుకు. అందుకే ఆ తేదీని ఇంట్లో క్యాలెండరు పక్కన రాసి పెట్టుకోండి. అది దాటాక పాత మొత్తమే పడితే మీరే వెళ్లి చెప్పండి.

కమ్యుటేషన్, అంటే పెన్షన్‌లో కొంత భాగం వదులుకుని ముందే ఒకేసారి డబ్బు తీసుకోవడం, దాని గురించి కూడా ఒక అపోహ ఉంది. పై ఉదాహరణలో ఆయన 40 శాతం కమ్యూట్ చేసి ఉంటే చేతికి వచ్చేది 18,000. ఆయన పోయాక ఆ 12,000 కోత కుటుంబ పెన్షన్‌కు రాదు. కాబట్టి హెచ్చు రేటు నడిచినన్నాళ్లూ ఆయనకు పడినదానికంటే ఆవిడకు ఎక్కువ పడుతుంది. అది పొరపాటున పడిందేమోనని భయపడి డబ్బు ముట్టుకోకుండా ఉంచేవాళ్లున్నారు. అది న్యాయంగా మీకు రావలసిందే.

మన రెండు రాష్ట్రాల పెన్షనర్లకూ 1980 నాటి పెన్షన్ రూల్స్ ఆధారం. మూల సూత్రం ఇలాంటిదే గానీ అంకెల్లో, గడువుల్లో తేడాలున్నాయి. మీ పీపీఓలో రాసిందే మీకు ప్రమాణం.

ఇక అసలు చిక్కు, పేరు. సర్వీసు రిజిస్టరులో "లక్ష్మి", ఆధార్‌లో "వెంకటలక్ష్మి", బ్యాంకు పుస్తకంలో పుట్టింటి ఇంటిపేరు. ఈ ముగ్గురూ ఒక్కరేనని నిరూపించే భారం ఆవిడ మీద పడుతుంది. ఆయన ఉన్నప్పుడైతే ఆయన సంతకంతో ఒక దరఖాస్తు పెట్టి, రిటైరైన ఆఫీసు ద్వారా సరిచేయించుకోవచ్చు. ఆయన పోయాక అదే పనికి అఫిడవిట్లు, సాక్షులు, తిరుగుళ్లు. ఈ రోజు ఇంటికి వెళ్లగానే పీపీఓ తీసి, అందులో మీ పేరు అక్షరం అక్షరం ఆధార్‌తో పోల్చి చూడండి.

పక్కనే పుట్టిన తేదీ కూడా చూడండి. కేంద్ర కుటుంబ పెన్షనర్లకు 80 ఏళ్లు నిండిన నెల నుంచి 20 శాతం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్లకు నూరు శాతం అదనంగా వస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో ఇది 70 నుంచే మొదలు, శాతాలు వేరు. ఇక్కడ చూసేది ఆవిడ వయసు. పీపీఓలో ఆ గడి ఖాళీగా ఉంటే ఈ పెంపు దానంతట అది రాదు. మన తరం ఆడవాళ్లకు ఆధార్‌లో చాలామందికి జనవరి 1 అనే ఉంటుంది. అదే అన్ని కాగితాల్లోనూ ఉంటే ఫర్వాలేదు, ఒక్కో కాగితంలో ఒక్కో ఏడాది ఉంటేనే ఇబ్బంది.

బ్యాంకు ఖాతా ఇద్దరి పేరా ఉంచండి. అలా ఉంటే ఆయన పోయాక కొత్త ఖాతా అక్కర్లేదు. మరణ ధ్రువపత్రం, పీపీఓ నకలు, మీ గుర్తింపు కాగితం, ఎక్కువ పడితే తిరిగి ఇస్తానన్న హామీ పత్రంతో దరఖాస్తు ఇస్తే సరిపోతుంది. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించండి. బ్యాంకుకు చెప్పకముందు ఆయన పెన్షన్ పడుతూ ఉంటే ఏటీఎంలో తీయకండి, అది తర్వాత రాబడతారు. ఆ ఏడాది నుంచి, బతికే ఉన్నామని ఏటా చూపించే జీవన ప్రమాణ పత్రం మీ పేరున మీరే ఇవ్వాలి. కేంద్ర పెన్షనర్లకు అది నవంబరులో, 80 దాటినవాళ్లు అక్టోబరు నుంచే ఇవ్వచ్చు. ఫోన్లో ముఖం చూపించి కూడా ఇవ్వచ్చు. ఇంకొక మాట, అబ్బాయిలు ఏమీ అనుకోకండి. ఖాతాకు కలిపే ఫోన్ నంబరు అమ్మదే ఉండాలి. డబ్బు ఎప్పుడు ఎంత పడిందో మొదట తెలియాల్సింది ఆవిడకు.

ఆవిడ కూడా రిటైరైన ఉద్యోగి అయితే సొంత పెన్షన్‌తో పాటు కుటుంబ పెన్షన్ కూడా వస్తుంది, ఒకటి వదులుకోనక్కర్లేదు. కుటుంబ పెన్షన్‌కు ఆదాయపు పన్ను ఉంది. కొత్త విధానంలో మూడో వంతు లేదా 25,000, ఏది తక్కువైతే అంత మినహాయింపు.

ప్రైవేటులో చేసినవాళ్ల సంగతి చెప్పాలంటే బాధగా ఉంటుంది. 1995 నాటి పీఎఫ్ పెన్షన్ పథకంలో పెన్షనరు పోతే భార్యకు అందులో సగం. కనీసం 1,000 రూపాయలు, అదీ 2014 సెప్టెంబరులో ఖాయం చేసింది. కరువు భృతి లేదు. ముప్పై ఏళ్లు మిల్లులో నిలబడి పనిచేసిన మనిషి భార్యకు ఇది అన్యాయమని ఈ వేదిక మీద గట్టిగానే చెబుతున్నాను. ఏ ఉద్యోగ పెన్షనూ లేని పేద ఇళ్లకు రాష్ట్రాలిచ్చే వితంతు పెన్షన్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో అది 4,000 అయింది, తెలంగాణలో 2019లో 2,016 అయింది. మీ వీధిలో అర్హులుంటే చెప్పండి, దరఖాస్తు రాసి పెట్టండి.

పీపీఓలు తెచ్చుకున్నవాళ్లు ఎడమవైపు బల్ల దగ్గరకు రండి. ఇద్దరూ కలిసే రండి. పేరు, పుట్టిన తేదీ, హెచ్చు రేటు గడువు, ఈ మూడూ నేనూ సంఘం మిత్రులూ చూసి చెబుతాం. తేడా ఉన్నవాళ్ల దరఖాస్తులు ఇప్పుడే ఇక్కడే రాద్దాం, ఖాళీ ఫారాలు, పెన్నులు అక్కడే ఉన్నాయి.